ఇల్లలకగానే పండగ కాదు: క్రోనో క్రాస్ మీద మన గుంపులో జరుగుతున్న తగాదా గురించి



రెండు వారాలుగా మన సంఘం గుంపులో ఒక జపాన్ గేమ్ గురించి నడుస్తున్న గొడవ మీరంతా చూస్తూనే ఉన్నారు. ఒకరు "సీక్వెల్ పేరుతో అసలు కథను చంపేశారు" అని మొదలుపెట్టారు. ఇంకొకరు "రీమాస్టర్ వచ్చిందిగా, సంతోషించక ఏడుపెందుకు" అన్నారు. బరంపురం నుంచి ఒక తమ్ముడు, షోలాపూర్ నుంచి ఒక చెల్లెలు, హోసూరు నుంచి ముగ్గురు నలుగురు కలిసి వందల కామెంట్లు రాశారు. మధ్యలో ఒక పెద్దాయన వచ్చి "పిల్లల ఆటలకు సంఘం గుంపులో చోటెందుకు?" అని అడిగారు. పెద్దాయన ప్రశ్నకు చివర్లో జవాబు చెబుతాం. ముందు తగాదా సంగతి తేలుద్దాం. ఈ గేములు ఆడుతూ పెరిగిన మేము కొందరం కలిసి కూర్చుని మాట్లాడుకున్నాక రాస్తున్న మాటలివి. రెండు పక్షాలకూ నచ్చవని ముందే తెలుసు.

మా వాదం రెండు ముక్కల్లో ఇది. సీక్వెల్ మీద ఫ్యాన్స్ చూపిస్తున్న కోపంలో సగానికి పైగా అన్యాయం. రీమాస్టర్ మీద చూపిస్తున్న ఓర్పులో సగానికి పైగా అనవసరం. అంటే తిట్టాల్సిన చోట ఊరుకున్నాం, ఊరుకోవాల్సిన చోట తిట్టాం.

గేమ్ తెలియని వారి కోసం నాలుగు మాటలు. 1995లో జపాన్‌లో స్క్వేర్ అనే కంపెనీ క్రోనో ట్రిగ్గర్ విడుదల చేసింది. ఫైనల్ ఫాంటసీ సృష్టికర్త హిరొనొబు సకగుచి, డ్రాగన్ క్వెస్ట్ రాసిన యూజి హొరీ, డ్రాగన్ బాల్ బొమ్మలు గీసిన అకిర తొరియామ ముగ్గురూ ఒక్క గేమ్‌కు పనిచేశారు. వేరువేరు కాలాల్లోకి తిరుగుతూ, 1999లో ప్రపంచాన్ని నాశనం చేసిన లావోస్ అనే భూతాన్ని ఆపడమే కథ. యసునోరి మిత్సుదా సంగీతంతో పేరు తెచ్చుకున్నది ఇక్కడే. ఇప్పటికీ ఈ రకం గేముల్లో గొప్పవి ఏవని అడిగితే జాబితాలో పైనుండే పేరు ఇది.

1999 నవంబరులో దాని తర్వాతి గేమ్ క్రోనో క్రాస్ జపాన్‌లో వచ్చింది, మరుసటి ఏడాది అమెరికాలో. దర్శకుడు మసాతో కాతో, సంగీతం మళ్ళీ మిత్సుదా. ఇందులో కాలాల మధ్య ప్రయాణం లేదు. పక్కపక్కనే నడిచే రెండు లోకాలున్నాయి. సెర్జ్ అనే పదిహేడేళ్ళ పల్లెటూరి కుర్రాడు ఒకరోజు సముద్రపు ఒడ్డున నిలబడి ఉండగా పక్క లోకంలో పడతాడు. అక్కడ ఊరు అదే, ఇళ్ళు అవే, మనుషులు వాళ్ళే. కానీ అతన్ని ఎవరూ గుర్తుపట్టరు. ఎందుకంటే ఆ లోకంలో అతను పదేళ్ళ కిందటే చనిపోయాడు. తన సమాధి తానే చూసుకునే స్థితి.

ఇక ఫ్యాన్స్ అభియోగాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి అభియోగం: "మేము ప్రేమించిన పాత్రలను చంపేశారు." ఇది నిజమే, దాచేదేం లేదు. ట్రిగ్గర్ ముగిసిన కొన్నేళ్ళకే గార్డియా రాజ్యం కూలిపోయిందని క్రాస్‌లో తెలుస్తుంది. లుక్కా నడిపిన అనాథాశ్రమం తగలబడుతుంది. క్రోనో, మార్ల్, లుక్కా చిన్నపిల్లల రూపంలో నీడల్లా వచ్చి మాట్లాడి పోతారు. చివరిదాకా మనతో నడిచి, గెలిచి, పెళ్ళి చేసుకున్న వాళ్ళకు ఇలా జరగడం బాధే. ఆ బాధను మేము తక్కువ చేయడం లేదు. యాభై గంటలు ఒక పాత్రతో నడిచినవాడికి ఆ పాత్ర మీద చుట్టరికం ఉంటుంది.

కానీ ఒక్క ప్రశ్న. ట్రిగ్గర్‌లో మనం చేసిందేమిటి? 1999లో జరగాల్సిన విధ్వంసాన్ని ఆపాం. దాంతో 2300 నాటి ఆ పాడుబడ్డ భవిష్యత్తు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఆ భవిష్యత్తులో మనుషులున్నారు. ఆకలితో, గోపురాల కింద, చావలేక బతుకుతున్న మనుషులు. మన బృందంలోని రోబో వచ్చింది అక్కడి నుంచే. మనం వాళ్ళను కాపాడామా, లేక లేకుండా చేశామా? మొదటి గేమ్ ఈ ప్రశ్న వేయలేదు. పండగ చేసి, బాణసంచా కాల్చి, ఇంటికి పంపింది. రెండో గేమ్ వేసింది. తుడిచిపెట్టిన ఆ భవిష్యత్తు ఎక్కడికి పోయింది అని అడిగి, గడ్డకట్టిన అలల మధ్య శిథిలమై మిగిలిన ఒక సముద్రాన్ని చూపించి, ఇదిగో ఇక్కడికి అంది. గెలిచినవాడికి ఎదురుగా లెక్కల పుస్తకం తెరిచిపెట్టింది.

దీన్ని ద్రోహం అంటున్నారు. మొదటి కథను అంత గట్టిగా నమ్మి, దాని పర్యవసానాలను చివరిదాకా లెక్కగట్టినవాడు ద్రోహి ఎలా అవుతాడు? అదే క్రోనో, అదే మార్ల్, మళ్ళీ ఒక భూతం, మళ్ళీ ఒక విజయం అని తీసి ఉంటే, పది రోజులు చప్పట్లు కొట్టి మర్చిపోయేవాళ్ళం. పాతికేళ్ళ తర్వాత కూడా మన గుంపులో మన పిల్లలు కొట్టుకుంటున్నారంటే ఆ ప్రశ్నలో ఏదో బలం ఉన్నట్టే కదా.

రెండో అభియోగం: "పేరు వాడుకుని అమ్ముకున్నారు, నిజానికి దీనికీ దానికీ సంబంధమే లేదు." ఈ మాట అనేవాళ్ళు ఒక చరిత్ర తెలుసుకోవాలి. 1996లో జపాన్‌లో సూపర్ ఫామికామ్‌కు తగిలించే శాటిలావ్యూ అనే పరికరం ఉండేది. ఉపగ్రహం ద్వారా గేములు ప్రసారమయ్యేవి. దానికోసం కాతో రాసిన చిన్న గేమ్ ర్యాడికల్ డ్రీమర్స్. బొమ్మలు తక్కువ, చదవడమే ఎక్కువ. సెర్జ్, కిడ్, లింక్స్ పుట్టింది అందులోనే. మూడు నెలల్లో హడావిడిగా చేసిన ఆ పని కాతోకు తృప్తినివ్వలేదు. చెప్పాలనుకున్నది సరిగ్గా చెప్పలేదన్న వెలితితోనే క్రాస్ మొదలైంది. అంటే ఇది మార్కెట్ విభాగం వాళ్ళు పేరు అతికించిన సరుకు కాదు. ట్రిగ్గర్ కథ రాసిన వారిలో ఒకడు, అందులో మిగిలిపోయిన ఒక పాత్ర గతి ఏమైందని నాలుగేళ్ళు మనసులో పెట్టుకుని తిరిగి చేసిన పని. ట్రిగ్గర్‌లో కనిపించకుండాపోయిన షాలా యువరాణి ఏమైందని ఫ్యాన్స్ కూడా అడిగారు కదా. జవాబు వచ్చింది. మనకు కావలసిన జవాబు కాకపోవచ్చు. జవాబు నచ్చకపోవడం వేరు, జవాబు లేదనడం వేరు.

మూడో అభియోగం: "పాత్రలు మరీ ఎక్కువ, ఒక్కరూ మనసుకు పట్టరు." ఇది ఒప్పుకుంటాం. ఇక్కడ ఫ్యాన్సే కరెక్టు. బృందంలో చేర్చుకోదగ్గ వాళ్ళు నలభై మందికి పైగా. వీళ్ళలో చాలామంది చేరిన రోజు నాలుగు మాటలు మాట్లాడి, తర్వాత సంతలో తప్పిపోయినవాళ్ళలా కనిపించరు. గైల్ అనే మాంత్రికుడి పాత్ర మొదట్లో ట్రిగ్గర్‌లోని మేగస్ కావాలనుకుని, ఇంతమంది మధ్య అతనికి న్యాయం చేయలేమని వదిలేశారు. ఆ ఖాళీ ఇప్పటికీ తెలుస్తుంది. చివరి అధ్యాయంలో కథ మొత్తాన్ని ఊపిరాడకుండా కుప్పపోసి చెప్పడం కూడా లోపమే. వీటిని విమర్శించండి, మేమూ గొంతు కలుపుతాం. అయితే చెడ్డగా చేయడానికి, నమ్మకద్రోహానికి తేడా ఉంది. పెళ్ళి భోజనంలో పదార్థాలు ఎక్కువై ఉప్పు చూసుకోలేదంటే వంటవాడిని తప్పుపడతాం, విషం పెట్టాడనం.

ఇక ఆ నలభై మందిలోనే ఇంకో సంగతి ఉంది. మనలాంటి వాళ్ళకు అది ప్రత్యేకంగా తగలాలి. ఇంగ్లీషు అనువాదం చేసిన రిచర్డ్ హనీవుడ్ ముందు ఒక చిక్కు వచ్చింది. ఒకే సంభాషణను బృందంలో ఎవరుంటే వాళ్ళు పలకాలి. ఇంతమందికి విడివిడిగా రాసి పెట్టడానికి చోటు చాలదు. అందుకని మామూలు వాక్యాన్ని ఆయా పాత్ర యాసలోకి మార్చే ఒక ప్రోగ్రాం పెట్టారు. ఒకరు ఫ్రెంచి యాస, ఒకరు పల్లెటూరి యాస, ఇలా. చాలామంది ఫ్యాన్స్ దీన్ని వెక్కిరిస్తారు. వెక్కిరించదగ్గ చోట్లున్నాయి కూడా, యంత్రం పెట్టిన యాస యంత్రంలాగే ఉంటుంది. కానీ ఉద్దేశం చూడండి. ద్వీపాల్లో వేరువేరు చోట్ల నుంచి వచ్చిన జనం ఒకే పుస్తకభాష మాట్లాడరు అన్న ఇంగితం అది. హైదరాబాదు పెళ్ళికి వెళ్ళి "జాస్తి" అన్నందుకో, "రొంబ" అన్నందుకో, "బేగి" అన్నందుకో నవ్వించుకున్న మనం, యాసలున్న గేమ్‌ను చూసి యాస ఉన్నందుకు నవ్వకూడదు. యాస సరిగ్గా రాయలేదని నవ్వితే అది వేరే.

రెండు లోకాల సంగతీ అంతే. ఈ గేమ్‌లో వాన్ అనే కుర్రాడున్నాడు. ఒక లోకంలో వాళ్ళ నాన్న బొమ్మలు గీస్తూ పేదగా బతుకుతాడు. రెండో లోకంలో ఆయనే కుంచె వదిలేసి ధనవంతుడయ్యాడు. రెండిళ్ళూ మనం చూస్తాం. ఏది మంచిదో గేమ్ చెప్పదు. మన తాతముత్తాతలు కదలకుండా ఉండి ఉంటే మనం ఎవరమయ్యేవాళ్ళం, ఏ భాషలో చదువుకునేవాళ్ళం అని ఒక్కసారైనా అనుకోని తెలుగువాడు హోసూరులోగానీ షోలాపూర్‌లోగానీ ఉన్నాడా? ఇలాంటి గేమ్‌ను "పాత హీరో లేడు కాబట్టి చెత్త" అనడం మనకు తగదు.

ఇప్పుడు రీమాస్టర్ దగ్గరికి వద్దాం. ఇక్కడ మా గొంతు పెరుగుతుంది.

2022 ఏప్రిల్ 7న స్క్వేర్ ఎనిక్స్ క్రోనో క్రాస్‌ను కొత్తగా ముస్తాబు చేసి విడుదల చేసింది. ర్యాడికల్ డ్రీమర్స్ ఎడిషన్ అని పేరు. మంచి ముందు చెబుతాం. ఉపగ్రహంతో పాటు గాలిలో కలిసిపోయిందనుకున్న ఆ చిన్న గేమ్‌ను జపాన్ బయట మొదటిసారి అధికారికంగా ఇందులో ఇచ్చారు. క్రాస్‌ను ముందు ఎప్పుడూ అమ్మని యూరప్‌కు కూడా ఇదే మొదటి విడుదల. అసలు పాత్రలను గీసిన నొబుతెరు యూకి చేతనే కొత్త బొమ్మలు గీయించారు. మిత్సుదా కొన్ని పాటలను మళ్ళీ మలిచాడు. శత్రువులు ఎదురుపడకుండా ఆపుకునే వీలు పెట్టారు. అన్నిటికన్నా మెచ్చుకోదగ్గది, పాత రూపం కావాలంటే పాత రూపం, కొత్తది కావాలంటే కొత్తది ఎంచుకునే వీలు. పాతదాన్ని కొత్తదాని కింద పాతిపెట్టలేదు. దీనికి చప్పట్లు కొడతాం.

ఇక చెడు. గేమ్ తడబడింది. యుద్ధాల్లో, ఊళ్ళలో బొమ్మ కదలిక ఆగి ఆగి సాగింది. కొలతలు తీసి చూసిన సమీక్షకులు కొన్ని చోట్ల ఇది అసలు ప్లేస్టేషన్ గేమ్ కంటే కూడా అధ్వాన్నంగా నడుస్తోందని తేల్చారు. ఆలోచించండి. 1990ల నాటి యంత్రం మోసిన బరువును దానికన్నా ఎన్నో రెట్లు బలమున్న యంత్రాలు మోయలేకపోయాయి. బరువు పెరిగినందుకు కాదు, పని సరిగ్గా చేయనందుకు. ఇల్లలకగానే పండగ కాదు. అలికిన ఇల్లు జారి పడేలా ఉంటే అసలే కాదు.

దీనికి మన గుంపులో రెండు సమాధానాలు వచ్చాయి. మొదటిది: "ఇరవై డాలర్ల గేమే కదా, దానికింత రాద్ధాంతమా?" ఈ వాదన మనకు బాగా అలవాటైనదే. తక్కువ ధర కాబట్టి తక్కువ పని. కానీ ఆ ఇరవై డాలర్లు దేనికి? గేమ్ ముందే ఉంది. కథ, సంగీతం, బొమ్మలు, చిక్కులు, అన్నీ ఇరవై ఏళ్ళ కిందట వేరేవాళ్ళు రాత్రింబవళ్ళు చేసి పెట్టారు. ఇప్పుడు కంపెనీ అమ్ముతున్నది దాన్ని నేటి యంత్రం మీద సరిగ్గా నడిపించే పనిని. ఆ ఒక్క పని చేయకపోతే ఇక అమ్మిందేమిటి? మన జ్ఞాపకాన్ని. జ్ఞాపకం మనదే, దాన్ని మనకే అమ్మడానికి ధర కట్టడం, ఆపైన "చవకగా ఇచ్చాం" అనడం.

రెండో సమాధానం: "తర్వాత బాగు చేశారుగా." చేశారు. ఎప్పుడు? 2023 ఫిబ్రవరిలో. దాదాపు పది నెలల తర్వాత. ఆ ప్యాచ్‌తో గేమ్ చాలావరకు కుదుటపడింది. అంటే కుదుటపరచడం సాధ్యమేనని తేలింది. సాధ్యమైన పనిని ముందు ఎందుకు చేయలేదు అన్న ప్రశ్న మరింత బలపడిందే తప్ప తగ్గలేదు. మొదటి రోజు కొన్నవాళ్ళు, అంటే అందరికన్నా ఎక్కువ అభిమానం ఉన్నవాళ్ళు, అందరికన్నా చెడ్డ సరుకు పొందారు. మొదటి బంతిలో కూర్చున్నవాడికి ఉడకని అన్నం పెట్టి, ఆఖరి బంతికి సరిగ్గా వడ్డించి, "భోజనం బాగుందిగా" అన్నట్టుంది.

ఇది మొదటిసారి కూడా కాదు. 2018 ఫిబ్రవరిలో ఇదే కంపెనీ క్రోనో ట్రిగ్గర్‌ను స్టీమ్‌లో పెట్టింది. ఫోన్ కోసం చేసిన రూపాన్ని తెచ్చి కంప్యూటర్ మీద పడేసింది. అక్షరాలు అతకలేదు, వేలితో నొక్కే మీటలు మౌస్ కింద పెట్టారు, చుక్కచుక్కగా పేర్చిన పాత బొమ్మలను మసకగా సాగదీశారు. ఫ్యాన్స్ ఒక్కటై మండిపడ్డారు. స్టోర్ పేజీ నిండా తిట్లు. అప్పుడు కంపెనీ దిగొచ్చి నెలల తరబడి వరసగా ప్యాచ్‌లు ఇచ్చింది. పాత బొమ్మల రూపం తిరిగొచ్చింది, మీటలు మారాయి. అడగందే అమ్మైనా పెట్టదు. అడిగితే కంపెనీ కూడా పెడుతుంది.

అందుకే అంటున్నాం. సీక్వెల్‌లో క్రోనో ఎందుకు చచ్చాడు అని 1999 నాటి రచయితను నిలదీయడానికి ఖర్చుపెట్టిన గొంతులో పదోవంతు ఈ విషయం మీద పెడితే ఫలితం ఉంటుంది. రచయితను తిట్టి కథ మార్చలేం, మార్చకూడదు కూడా. కంపెనీని అడిగి సరుకు మార్చగలం. రెండుసార్లు రుజువైంది. అయినా మన కోపం ఎప్పుడూ కథ చెప్పినవాడి మీదికే పోతుంది, లెక్క రాసుకున్నవాడి మీదికి పోదు. ఇది ఫ్యాన్స్‌కు ఉన్న జబ్బు.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ పాత గేములను ఇన్నేళ్ళు కాపాడింది ఎవరు? ర్యాడికల్ డ్రీమర్స్‌ను ఇంగ్లీషులోకి మొదట తెచ్చింది కంపెనీ కాదు. 2003లోనే ఫ్యాన్స్ సొంతంగా అనువదించుకున్నారు. కంపెనీకి ఆ బుద్ధి పుట్టడానికి మరో పందొమ్మిదేళ్ళు పట్టింది. కొందరు ట్రిగ్గర్‌ను మూడు కొలతల్లో మళ్ళీ కట్టే పని మొదలుపెడితే 2004లో లాయర్ నోటీసుతో ఆపించారు. 2009లో ట్రిగ్గర్‌కూ క్రాస్‌కూ మధ్య జరిగిన కథను క్రిమ్సన్ ఎకోస్ పేరుతో ఏళ్ళ తరబడి తయారుచేసి, దాదాపు పూర్తిచేసిన తరుణంలో మళ్ళీ నోటీసు. మరి కంపెనీ తానైనా చేసిందా? 2001లో క్రోనో బ్రేక్ అనే పేరును రిజిస్టర్ చేయించడానికి దరఖాస్తు పెట్టి, తర్వాత దాన్నీ వదిలేసింది. తాను వండదు, వండుకునేవాళ్ళ పొయ్యి ఆర్పుతుంది.

హక్కు కంపెనీదే, చట్టం కంపెనీ పక్షానే. దొంగ కాపీలను సమర్థించడం లేదు, మా మాటను అటు తిప్పకండి. కానీ హక్కున్నవాడికి బాధ్యత కూడా ఉంటుంది. పొలం నాది అని కంచె వేసినవాడు ఎన్నేళ్ళయినా దున్నకపోతే ఊరు అడుగుతుంది. పాత గేమ్ ఆడటానికే దొరకకుండా పోతుందేమో అన్న ఆలోచనతో ఈ రీమాస్టర్ పని మొదలైందని దాని నిర్మాతే చెప్పాడు. మంచి ఆలోచన. ఆ భయం నిజమైనదే, పాత యంత్రాలు పోతున్నాయి, పాత అంగళ్ళు మూతపడుతున్నాయి. అయితే కాపాడటానికి చేసిన పనిలోనే అంత అశ్రద్ధ ఉంటే, ఇక కాపాడే అవసరం లేదనుకున్నవాటి గతి ఏమిటి?

ఇక పెద్దాయన అడిగిన ప్రశ్న. గేములకు సంఘం గుంపులో చోటెందుకు?

పెద్దలకు నమస్కరించి చెబుతున్నాం. వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఒక అంశం ఉంది. మన సంఘం పాత వార్షిక సంచికలను, నాటకాల స్క్రిప్టులను, క్యాసెట్లలో ఉన్న హరికథలను కంప్యూటర్‌లోకి ఎక్కించి మళ్ళీ అచ్చు వేయాలన్న ప్రతిపాదన అది. మంచి ప్రతిపాదన. మేము చేతులెత్తి ఓటేస్తాం. కానీ దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: "భాషను సరిదిద్ది, నేటి ప్రమాణానికి అనుగుణంగా." ఈ వాక్యం చూశారా ఎవరైనా?

అదే రీమాస్టర్. మన తాతలు రాసిన "అంగడి"ని "దుకాణం" చేస్తారు. కన్నడం నుంచో తమిళం నుంచో ఒడియా నుంచో వచ్చి మన తెలుగులో కలిసిపోయి మన ఇంటి మాటైన ప్రతి మాటనూ తప్పుగా లెక్కగట్టి తీసేస్తారు. పేపర్లో వచ్చే తెలుగులా నున్నగా చేస్తారు. క్యాసెట్‌లో హరిదాసు గొంతు వెనక వినిపించే పిల్లల ఏడుపు, జనం నవ్వు శబ్దదోషమని కడిగేస్తారు. చివరికి మిగిలేది విజయవాడలోనో హైదరాబాదులోనో ఎవరైనా రాయగలిగిన సంచిక. మన సంచిక కాదు. నాలుగు రాష్ట్రాల్లోనూ యానాంలోనూ ఉన్న మనం కాపాడుకోవాల్సింది సరిగ్గా ఆ గరుకుదనాన్నే.

కాబట్టి ఈ గేమ్ తగాదాలో మేము నేర్చుకున్నదాన్ని మూడు షరతులుగా సంఘం ముందు పెడుతున్నాం. ఒకటి, పాతది ఉన్నదున్నట్టు స్కాన్ చేసి, శబ్దం ఉన్నదున్నట్టు ఎక్కించి, ఎవరైనా చూసేలా, వినేలా పెట్టాలి. ఆ తర్వాతే కొత్త అచ్చు. క్రాస్ రీమాస్టర్ చేసిన ఒక్క మంచి పని ఇదే, పాత రూపాన్ని తీసేయకపోవడం. మనం దానికన్నా తక్కువ చేయకూడదు. రెండు, సరిదిద్దినది ఏదైనా ఉంటే ఎక్కడ, ఎందుకు అన్నది పక్కనే రాయాలి. అచ్చుతప్పు దిద్దితే అచ్చుతప్పు అనండి, మాండలికాన్ని అచ్చుతప్పు అనకండి. మూడు, పని పూర్తిగా చూసుకున్నాకే విడుదల. ఉగాదికి ఇవ్వాలన్న తొందరలో సగం తప్పులతో ఇచ్చి, "తర్వాత బాగు చేస్తాం" అనే మాట మనకొద్దు. తర్వాత ఎవరూ బాగు చేయరు. కంపెనీకైతే వినియోగదారుల తిట్లున్నాయి, మనకు ఆ భయం కూడా లేదు.

అలాగని పాతదాన్ని గాజుపెట్టెలో పెట్టి దండేయమనడం లేదు. పాత నాటకాన్ని తీసుకుని ఈ కాలం పిల్లలు కొత్తగా ఆడితే ఆడనివ్వండి. హీరోని మారుస్తారు, ముగింపు మారుస్తారు, తాతయ్య చేసిన పెద్దమనిషి పాత్రను నిలదీస్తారు. అది కొనసాగింపు. దానికి కోపగించుకోకండి. క్రాస్ ట్రిగ్గర్‌ను నిలదీసినట్టే వాళ్ళూ మనల్ని నిలదీయాలి, లేకపోతే వాళ్ళకు మన కథ పట్టలేదని అర్థం. ఎవరూ ఏమీ అడగకుండా, ఏమీ మార్చనట్టే కనిపిస్తూ, లోపల నునుపు చేసి పారేసే పని ఉంది చూశారా, కోపం రావాల్సింది దాని మీద. కొత్త కథ రాసినవాడు పాతదాన్ని చెరపలేడు, పాతది పక్కనే ఉంటుంది. పాతదాని పేరుతోనే మార్చి ఇచ్చినవాడు చెరపగలడు.

ర్యాడికల్ డ్రీమర్స్ ప్రసారంతోనే పోవాల్సిన గేమ్. దాన్ని ఎవరో జాగ్రత్త చేసుకున్నారు, ఎవరో కూర్చుని అనువదించారు, అందుకే జపాన్ భాష రానివాళ్ళకూ అది ఒకటుందని తెలిసింది. మన హరికథ క్యాసెట్లకు అలాంటి ఫ్యాన్స్ ఎవరున్నారు? ఈ గుంపులో ఉన్నవాళ్ళే. వందల కామెంట్లు రాయగల ఓపిక ఉన్నవాళ్ళే. ఆ ఓపికలో కొంత ఇటు తిప్పండి.

సర్వసభ్య సమావేశంలో ఆ వాక్యం మీద మేము సవరణ పెడతాం. బలపరిచేవాళ్ళు కింద పేరు, ఊరు రాయండి. క్రోనో చావుకు ఇంకా బాధపడుతున్నవాళ్ళు కూడా రావచ్చు, ఓటుకు ఆ తగాదా అడ్డం కాదు. వ్యతిరేకించేవాళ్ళు కారణాలు రాయండి, ఒక్కొక్కదానికీ జవాబిస్తాం. తిట్టదలచుకున్నవాళ్ళు మాత్రం దయచేసి మీ ఊరి తెలుగులోనే తిట్టండి. పుస్తకాల తెలుగులో తిడితే మాకు తగలదు.